గంప కింది నీడ

మన దేశంలో కోళ్ల పరిశ్రమ చరిత్ర ఎవరు రాసినా కొన్ని పేర్లూ కొన్ని తేదీలూ తప్పకుండా వస్తాయి. 1971లో బండా వాసుదేవరావు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించడం, 1982లో ఆయన చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడడం, 1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కేంద్రప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ మొదలుకావడం. ఇవన్నీ ముఖ్యమైన సంగతులే. కానీ ఈ చరిత్ర మొదలయ్యే నాటికే తెలంగాణ పల్లెల్లో ఇంటింటా కోళ్లున్నాయి. వాటిని తరతరాలుగా ఎండల్లోంచి బతికించి వానల్లోకి దాటించినవాళ్లున్నారు. వాళ్లంతా ఆడవాళ్లు. వాళ్లకి ఈ చరిత్రలో చోటెందుకు లేదు?

నేను ఈ ప్రశ్నతో మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని వేసవులు తిరిగాను. మౌఖిక చరిత్రను ఎలా వినాలో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకు నేర్పింది. పోరాటాల గురించి అడిగినట్టే కోళ్ల గురించి కూడా అడగొచ్చు కదా అనిపించింది. మొదట్లో అందరూ నవ్వారు. "కోళ్ల ముచ్చట ఏముంటది బిడ్డా" అన్నారు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఆపలేదు.

ముందుగా ఆస్తి సంగతి. భూమి మగవాళ్ల పేరున, ఎడ్లు మగవాళ్లవి, బర్రె పాలు ఆడవాళ్లు పిండినా పాలకేంద్రం డబ్బు చాలాచోట్ల మగవాళ్ల చేతికే పోయేది. కోడి మాత్రం ఆమెది. గుడ్ల పైసలు ఎవరినీ అడక్కుండా ఖర్చుపెట్టుకోగలిగిన పైసలు. కూతురు పురుటికొస్తే, బడి తెరిచేనాటికి పలక కొనాల్సివస్తే, తనకే ఒంట్లో బాగోక పట్నం దవాఖానాకు పోవాల్సివస్తే చేతికందేది అదే. పెట్ట కొనే శక్తి లేనివాళ్లకు 'పాలుకు' ఇచ్చే పద్ధతి ఉండేది. పెట్ట ఒకరిది, సాకేది మరొకరు, పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. తల్లి కూతురికి, అక్క చెల్లెలికి, పొరుగామె పొరుగామెకు ఇలా ఇచ్చుకునేవాళ్లు. బ్యాంకు కాగితాలు లేని ఈ అప్పు మీదే ఎన్నో ఇళ్లల్లో మొదటి కోడి అడుగుపెట్టింది.

ఈ ఆస్తి మీద కూడా పైవాళ్ల కన్ను పడకుండా లేదు. నిజాం కాలంలో ఊరికొచ్చిన అధికారికి కోళ్లు ఇచ్చుకోవడం తెలంగాణలో వెట్టిలో భాగం. ఆ కోడి ఎవరి గంప కిందినుంచి పోయిందో చరిత్ర పుస్తకాలు రాయవు. అవి 'రైతు'ను దోచుకున్నారంటాయి. నిజానికి అక్కడ దోపిడీకి గురైంది రైతు భార్య, కూలి మనిషి భార్య.

ఇక ఎండాకాలం. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్. బయటి వేడి 35 దాటితే నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా దించి వేడిని బయటికి పంపాలి. రొప్పినకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి నెత్తురు గుణం మారుతుంది, గుడ్డు పెంకు పలచబడుతుంది. ఇది నేను పుస్తకాల్లో చదువుకున్నది. ఆ ఊళ్లలో ఒక పెద్దామె అదే సంగతి ఇంకోలా చెప్పింది. నోరు తెరిచిన కోడికి గింజ వెయ్యగూడదు, నీళ్లు పెట్టాలె, పెంకు మెత్తబడ్డదంటే నీడ సాలదని తెలుసుకోవాలె.

గింజ వేయొద్దనడం వెనక గట్టి కారణముంది. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తిన్న కొన్ని గంటలకు ఆ వేడి ఎక్కువవుతుంది. పొద్దున పదింటికి తిన్న కోడికి ఎండ ముదిరే వేళకు లోపలి వేడి కూడా తోడవుతుంది. అందుకే వాళ్లు జొన్నలు, నూకలు, తవుడు తెల్లవారుజామునా పొద్దుగూకినాకా వేస్తారు. నీళ్లు మట్టి కంచుట్లో పోసి యాపచెట్టు కింద పెడతారు. మట్టిపాత్ర చెమర్చి నీళ్లను చల్లగా ఉంచుతుంది. రేకు డబ్బాలో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, కాగిన నీళ్లు కోడి ముట్టదు. పల్చటి చల్లలో ఇంత ఉప్పేసి పెడతారు. ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేస్తారు. గంపమీద తడిగోనె కప్పుతారు గానీ గాలి ఆడేందుకు ఒకవైపు వదిలేస్తారు. గాలి లేని చోట తేమ పెరిగితే రొప్పడం వల్ల లాభం లేదు, కోడి ఉక్కకు చచ్చిపోతుంది. చెట్టుకింద నేల తడిపి వదిలేస్తే కోళ్లే గోకి, గుంట చేసుకుని, కడుపు చల్లటి మట్టికి ఆనించి పడుకుంటాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ కార్తెలో పొదగేయడం చాలామంది మానుకుంటారు. పొదిగే కోడి తిండీ నీళ్లూ మరిచి గూట్లోనే ఉడికిపోతుంది. గుడ్లు కూడా ఆ వేడికి పొదగకముందే లోపల మారడం మొదలై పాడైపోతాయి. అందుకని పిల్లలకోసం దాచిన గుడ్లను తడిపిన ఇసుక మీద పెట్టిన కుండలో తవుడు పోసి ఉంచుతారు.

ఇదంతా కోళ్ల ఫారాల కరదీపికల్లోనూ ఉంటుంది. షెడ్డు తూర్పుపడమరలుగా కట్టాలి, రేకులకు తెల్లసున్నం వేయాలి, పైన గడ్డి పరిచి నీళ్లు చల్లాలి, గోనెపరదాలు తడపాలి, మధ్యాహ్నం మేత ఆపాలి, నీళ్లలో లవణాలు కలపాలి. సూత్రం ఒక్కటే. ఫారంలో దాన్ని 'యాజమాన్య పద్ధతులు' అంటారు, దానికి శిక్షణ ఉంటుంది, జీతం ఉంటుంది. పెరట్లో మాత్రం అది ఆడవాళ్లు చేసే ఇంటిపని, అంతే.

మేడ్చల్, శామీర్‌పేట ద్రాక్షతోటలతో పాటు కోళ్లఫారాలకూ పేరుబడ్డ ప్రాంతాలు. నేను చూసిన షెడ్లలో గుడ్లు ఏరేదీ, నీళ్లగొట్టాలు కడిగేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కోళ్లు చనిపోకుండా పైన నీళ్లు చిమ్ముతున్న వేళ, అదే రేకుల కింద ముక్కుకు కొంగు చుట్టుకుని పనిచేసే మనిషికి ఎంత వేడి తగులుతుందో ఎవరు లెక్కించారు? 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 వేలమంది వడదెబ్బకు చనిపోయారు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో మృతులు వెయ్యి దాటారు. ఆ నెలలో కోళ్ల నష్టం గురించీ చికెన్ ధర గురించీ పత్రికల్లో చదివాం. గంప కింద నాలుగు పెట్టలు పోగొట్టుకున్నామె నష్టం ఎక్కడా నమోదు కాలేదు.

రాజేంద్రనగర్ పరిశోధకులు పెరటికోసమే వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేశారు. నాటుకోడికన్నా ఎక్కువ గుడ్లు, ఎక్కువ బరువు. ఎందరికో లాభం కలిగిందనడంలో సందేహం లేదు. అయితే ఈ కోళ్లు పొదగడం అరుదు. అంటే ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాలి, పాలుకు ఇచ్చే పద్ధతి ఇక నిలవదు. బరువైన పక్షికి వేడి తట్టుకోవడమూ కష్టమే. మెడమీద ఈకలు లేని నాటురకాలు ఎండకు బాగా ఆగుతాయని మన ఆడవాళ్లు అన్నది శాస్త్రమూ ఒప్పుకుంది. పశువైద్యంలో చదువుకున్న స్త్రీలు 1992లో మొదలుపెట్టిన 'అంత్ర' సంస్థ ఈ తేడాను పట్టించుకుంది. తూర్పుగోదావరి ఆదివాసీ స్త్రీలతో కలిసి అసీల్ కోళ్లనూ, అక్కడి వాటా పద్ధతినీ మళ్లీ నిలబెట్టే పని చేసింది. జాతిని కాపాడడమంటే ఆ జాతిచుట్టూ ఉన్న ఆడవాళ్ల సంబంధాల్ని కాపాడడమని ఆ పని చూపించింది.

ఎండకు తోడు వచ్చేది కొక్కెర తెగులు. టీకా ఉంది, ధర కూడా తక్కువే. కానీ ఒక్క బుడ్డిలో కనీసం వంద కోళ్లకు సరిపడా మందుంటుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వేసేయాలి, అందాకా మంచులో ఉండాలి. ఐదు కోళ్లున్నామె ఒక్కతే ఏం చేస్తుంది? ఇరవైమంది కలిస్తే మాత్రం ఒక బుడ్డి సరిపోతుంది. ఎండలు ముదరకముందే, కోళ్లు గూళ్లలో ఉన్న తెల్లవారుజామున వేయించుకోవచ్చు. పొదుపు సంఘాలు అప్పుల వసూళ్లకే కాక ఇలాంటి పనికి కూడా కూడితే బాగుంటుంది.

2019 పశుగణనలో దేశం మొత్తం మీద కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు 85 కోట్లు. వాటిలో పెరటివి 31.7 కోట్లు, అంతకుముందు గణనకన్నా దాదాపు 46 శాతం ఎక్కువ. కాబట్టి పెరటికోడి పాతకాలపు ముచ్చట కాదు. మేడ్చల్, శామీర్‌పేటల్లో పోతున్నది పెరడు. రింగురోడ్డు వచ్చింది, ప్లాట్లు పడ్డాయి, 2016లో మేడ్చల్ పేరున జిల్లా కూడా వచ్చింది. యాపచెట్టు ఉన్నచోట సిమెంటు పరిచారు. సిమెంటు రాత్రంతా వేడి కక్కుతుంది. పగలు రొప్పిన కోడికి రాత్రి కూడా తెరిపి ఉండదు. భూమి అమ్మిన డబ్బు మగవాళ్ల ఖాతాల్లో పడింది. పెరడుతోపాటు పోయిన గుడ్ల పైసలకు ఏ పరిహారమూ లేదు, ఎందుకంటే వాటిని ఆదాయంగా ఎవరూ ఎన్నడూ రాయలేదు.

స్త్రీల ఆస్తిహక్కు గురించి రాసేటప్పుడు మనం ఎకరాలూ చట్టాలూ చూస్తాం. చూడాలి కూడా. దాంతోపాటు ఒక చెట్టునీడ, ఒక కంచుడు నీళ్లు, ఒక గంప ఎవరి అధీనంలో ఉన్నాయో కూడా అడగాలి. ఈ సంగతులు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. వచ్చే వేసవికి ముందే వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి.