హిమస్ఫటికము

మేఘమండలమునందు నీటియావిరి క్రమముగా ఘనీభవించుటచే పెరిగి, షట్కోణ సౌష్ఠవముతో నేలకు దిగివచ్చు మంచుకణమునకు హిమస్ఫటికమని పేరు. ఇట్టివి పెక్కు పెనగొనిన గుత్తియే హిమపాతమున సాధారణముగా కానవచ్చు మంచుతునుక.

శుద్ధమైన సూక్ష్మజలబిందువు 0 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువనుగూడ ద్రవముగనే యుండగలదు. తగిన ధూళికణ మాధారముగా లభించినచో అది మంచుగా మారును. మంచుపైనుండు ఆవిరి పీడనము అదే ఉష్ణోగ్రతగల నీటిపైనుండు దానికంటె తక్కువ గావున, చుట్టునున్న బిందువులు ఆవిరియై క్షీణించుచుండ, ఆ యావిరి నాహరించి స్ఫటికము వృద్ధినొందును. మంచులో నీటియణువులు షట్కోణజాలముగా కూర్పబడియుండుటచే అది మొదట చిన్న షట్కోణ పట్టకమగును. పిమ్మట దాని మూలలు తేమగాలిలోనికి చొచ్చుకొనియుండుటచే అధికముగా ఆవిరిని గ్రహించి శాఖలుగా సాగును. ఒక శాఖకు వేఱొక శాఖతో సంబంధ మేమియు లేకున్నను, ఆఱును ఒకే క్షణమున ఒకే శైత్యమును, ఒకే తేమను అనుభవించుటచే ఇంచుమించు సమానముగా పెరుగును. అయినను నిర్దోషమైన సౌష్ఠవ మరుదు. ప్రకృతిలో వంకరపోయినవి, విరిగినవియే హెచ్చు.

ఉష్ణోగ్రత −2 డిగ్రీల ప్రాంతమున పలుచని ఫలకములును, −5 డిగ్రీల ప్రాంతమున సూదులును స్తంభములును, −15 డిగ్రీల ప్రాంతమున శాఖోపశాఖలతో నొప్పు నక్షత్రములును జనించును; తేమ హెచ్చినకొలది శిల్పము జటిలమగును. అరచేత పడినంతనే కరగిపోవు వస్తువున నింతటి నియమబద్ధమైన శిల్ప ముండుట అత్యద్భుతము.

మంచుకణమునకు ఆఱు కోణములే యేల గలిగెనని ప్రశ్నించి, గోళములను దట్టముగా పేర్చు విధానమునందు దాని కారణము నన్వేషించినవాడు జొహానెస్ కెప్లర్. 1611లో నూతన సంవత్సర కానుకగా తన పోషకునకు సమర్పించిన చిన్న గ్రంథమున ఆయన ఈ విచారము గావించెను. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున జెరికో గ్రామవాసియగు విల్సన్ బెంట్లీ యను రైతు 1885లో సూక్ష్మదర్శినికి కెమెరాను జతపఱచి హిమస్ఫటికమును ఛాయాచిత్రమున బంధించి, 1931లో మరణించునాటికి ఐదువేలకు పైగా చిత్రములను సేకరించెను. వానిలో ఒకదానిని బోలిన వేఱొకటి ఆయనకు కానరాలేదు. జపాను దేశమున హొక్కాయిదో విశ్వవిద్యాలయమునందు ఉకిచిరో నకాయా 1936లో కుందేటి వెండ్రుకపై కృత్రిమ హిమస్ఫటికమును పెంచి, శైత్యమును తేమను మార్చి చూచుచు, పైజెప్పిన రూపభేదముల నియమమును స్థాపించెను.

ఈ నియమముచే బెంట్లీ చిత్రములలోని వైవిధ్యమునకు కారణము విశదమైనది: ఏ రెండు స్ఫటికములును మేఘములో ఒకే మార్గమున పయనింపవు గావున, ఒక్కొక్కటి తాను దాటివచ్చిన శైత్యమునకును తేమకును అనుగుణమైన ఆకృతిని వేఱువేఱుగ దాల్చును; ఆ యాకృతిని శ్రద్ధతో పరిశీలించినవాడు తానెక్కి చూడని మేఘముయొక్క స్థితిని నేలపై నిలిచియే గ్రహింపగలడు.