ఆమ్లజని లేని నీటిలో చేప

గాలిలో జీవించు మనకు ఆమ్లజని కరవు అనునది సాధారణముగా తెలియదు. ఒక లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆమ్లజని కలదు. ఒక లీటరు మంచినీటిలోనో, ఆ నీరు మంచువలె చల్లగా ఉన్నప్పుడు సైతము, సుమారు 10 మిల్లీలీటర్లు మాత్రమే కరగియుండును. నీరు 30 డిగ్రీల వరకు వేడెక్కినచో అది ఇంచుమించు సగమగును. మనము ఎవరెస్టు శిఖరముపై కూడ ఎరుగనంత కరవులో చేప తన జీవితమంతయు గడుపుచున్నదన్నమాట. ఆ కొద్దిపాటి ఆమ్లజని కూడ లేకుండ పోయినచో చేప ఏమి చేయును?

ఈ ప్రశ్న ఊహ కొరకు వేసినది కాదు. స్వీడను, ఫిన్లాండు, నార్వే దేశములలో అడవుల నడుమ చిన్న చిన్న కుంటలు అనేకము కలవు. చలికాలము రాగానే వాని ఉపరితలము గడ్డకట్టి, దానిపై మంచు దట్టముగా పరచుకొనును. గాలి నీటిని తాకదు. వెలుతురు సోకదు గనుక నీటిమొక్కలు ఆమ్లజనిని తయారుచేయలేవు. అడుగున కుళ్లుచున్న ఆకులు ఉన్న ఆమ్లజనిని హరించివేయును. వసంతము వచ్చుసరికి ఇతర జాతుల చేపలు చచ్చియుండును. కాని 'క్రూషియన్ కార్ప్' అను ఒక చేప మాత్రము సజీవముగా ఈదుచు కనబడును. ఇది మనము గాజుతొట్లలో పెంచు బంగారుచేపకు దగ్గరి చుట్టము. నెలల తరబడి ఆమ్లజని లేక ఇది ఎట్లు బ్రతికినది? ఈ రహస్యము విప్పుటకు శాస్త్రజ్ఞులకు చాల కాలము పట్టినది. చేప లోనికి ఏమి తీసికొనుచున్నదని వారు మొదట చూచిరి. జవాబు మాత్రము అది ఎంత ఖర్చుచేయుచున్నది, ఏమి బయటకు వదలుచున్నది అను లెక్కలో దొరికినది.

చేప ఊపిరి పీల్చునా?

చేపలు శ్వాసించవనియు, మొప్పలగుండ పారు నీరు శరీరమును చల్లబరచుటకు మాత్రమే ఉపయోగపడుననియు గ్రీకు పండితుడు అరిస్టాటిలు తలచెను. ఆ అభిప్రాయము శతాబ్దుల కాలము చెల్లినది. 1674లో ఇంగ్లండు దేశీయుడగు జాన్ మేయో, నీటిలో కరగిన గాలిలోని ఒక ముఖ్యాంశమునే చేప మొప్పలద్వారా గ్రహించుచున్నదని వ్రాసెను. మరగించి గాలిని వెడలగొట్టిన నీటిలో చేప జీవించజాలదని 1690లో జోహాన్ బెర్నూలీ చూపెను. ఆ ముఖ్యాంశమునకు పేరు మాత్రము ఇంకొక శతాబ్దము తరువాత గాని రాలేదు. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లెవోసియే దానికి పేరు పెట్టి, శ్వాసించుట ఒక విధమైన నెమ్మది దహనమని వివరించెను. పొయ్యిలో కట్టెవలెనే దేహములో ఆహారము ఆమ్లజనితో కలిసి మండి, వేడిని, బొగ్గుపులుసు వాయువును ఇచ్చునని ఆయన సిద్ధాంతము.

1809లో హంబోల్టు, ప్రొవెన్సాలు అను ఇరువురు ఈ దహనమును చేపలలో కొలిచిరి. సేన్ నదీజలములో కరగియున్న వాయువులను వేరుచేసి చూడగా, వానిలో ఆమ్లజని పాలు బయటి గాలిలోకన్న హెచ్చుగా, నూటికి సుమారు 31 వంతులుండెను. చేపలను మూసిన పాత్రలలో ఉంచి, ముందు వెనుకల నీటిని పరీక్షించి, అవి ఎంత ఆమ్లజనిని తీసికొనెనో, ఎంత బొగ్గుపులుసు వాయువును విడిచెనో లెక్కకట్టిరి. చేపల జీవక్రియను అంకెలలో చూపిన తొలి ప్రయత్నములలో ఇది ఒకటి. జీవక్రియ అనగా ఆహారమును విడగొట్టి శక్తిని పొందుట, ఆ శక్తితో దేహమును నడపుట మొదలగు రసాయనిక మార్పుల మొత్తము.

అంకెలలో జీవక్రియ

నీటిలోని ఆమ్లజనిని సులభముగ కొలుచు రసాయనిక పద్ధతిని హంగెరీ దేశీయుడు విన్‌క్లరు 1888లో ప్రకటించెను. దానితో పని తేలికైనది. డెన్మార్కులో క్రోగ్, ఎగె అను శాస్త్రజ్ఞులు 1914లో బంగారుచేప శ్వాసక్రియకును ఉష్ణోగ్రతకును గల సంబంధమును కొలిచిరి. మన దేహము తన వేడిని తాను నిలుపుకొనును. చేపకు నీటి వేడియే తన వేడి. నీరు 10 డిగ్రీలు వేడెక్కినచో దాని జీవక్రియ రెండు మూడు రెట్లగును. చల్లబడినచో ఆ మేరకు తగ్గును. చలి చేపకు శత్రువని మనము తలతుము. ఆమ్లజని కరవులో అదియే దానికి మొదటి మిత్రుడు.

కెనడా దేశమున టొరాంటో విశ్వవిద్యాలయములో పనిచేసిన ఫ్రై అను శాస్త్రజ్ఞుడు 1947లో ఈ సంగతులన్నిటిని ఒక క్రమములోనికి తెచ్చెను. చేప కదలక మెదలక ఉన్నప్పుడు ప్రాణము నిలుపుకొనుటకు అవసరమగు ఖర్చు ఒకటి. శక్తికొలది ఈదునప్పుడు చేయగల గరిష్ఠ వ్యయము ఒకటి. ఈ రెండింటి నడుమనున్న అంతరమే చేప చేతిలోని సొమ్ము. ఆహారము వెదకుట, శత్రువును తప్పించుకొనుట, పెరుగుట, గ్రుడ్లు పెట్టుట అన్నియు దానినుండియే జరుగవలెను. ఉష్ణోగ్రత జీవక్రియ వేగమును నిర్ణయించుననియు, ఆమ్లజని కొరత దాని పైహద్దును దించుననియు ఫ్రై చెప్పెను. పైహద్దు దిగి దిగి అడుగు ఖర్చును తాకినచో చేతిలో సొమ్ము సున్న. అంతకన్న దిగినచో మరణమని ఈ లెక్క చెప్పును. అయినను క్రూషియన్ కార్ప్ ఆ సున్నకు దిగువన నెలలు గడపుచున్నది!

లెక్కకు అందని వాయువు

ఆమ్లజని లేకుండ బ్రతుకవచ్చునని పాశ్చరు 1861 నాటికే చెప్పియుండెను. మధువును పులియబెట్టు ఈస్టు కణములు గాలి లేనిచోట చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టి శక్తిని పొందునని ఆయన వివరించెను. కాని అది సూక్ష్మజీవుల సంగతి; వెన్నెముకగల జంతువులకు అది వర్తించునని ఎవరును తలచలేదు. 1875లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్ల్యూగరు, చల్లని చోట కప్పలు ఆమ్లజని బొత్తిగా లేకయే పెక్కు గంటలు బ్రతుకుటయు, బొగ్గుపులుసు వాయువును విడుచుచునే ఉండుటయు చూచి ఆశ్చర్యపడెను.

సాధారణముగా జంతుకణములు ఆమ్లజని లేనప్పుడు గ్లూకోజును లాక్టిక్ ఆమ్లముగా మార్చి కొద్దిపాటి శక్తిని పొందును. వేగముగా పరుగెత్తినప్పుడు మన కండరములలో జరుగునది ఇదియే. ఈ మార్గములో రెండు చిక్కులు కలవు. ఒక గ్లూకోజు అణువు ఆమ్లజనితో పూర్తిగా దహించినచో కణమునకు శక్తినిచ్చు ఏ.టీ.పీ. అణువులు సుమారు 30 లభించును. ఈ మార్గమున రెండు మాత్రమే. రెండవది, లాక్టిక్ ఆమ్లము కూడుకొన్నకొలది రక్తము ఆమ్లగుణము పొంది ప్రాణమునకే హాని కలుగును. మూసిన ఇంటిలో పొయ్యి వెలిగించి పొగ బయటకు పోనీయనట్లుండును.

1958లో చెకొస్లొవేకియా శాస్త్రజ్ఞుడు బ్లాజ్కా ఆమ్లజని లేని చల్లని నీటిలో క్రూషియన్ కార్పును ఉంచి పరిశీలించెను. దాని దేహములో లాక్టిక్ ఆమ్లము అనుకొన్నంతగా పేరుకొనలేదు. బొగ్గుపులుసు వాయువు మాత్రము వెలువడుచునే ఉన్నది. మిగిలిన పదార్థము కొవ్వుగా మారుచున్నదేమో అని ఆయన ఊహించెను. ఊహ నిలువలేదు గాని, ఆయన చూచిన వింత నిజము. ఆమ్లజని లేనప్పుడు ఈ వాయువు ఎట్లు పుట్టుచున్నది?

1980లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన షూబ్రిడ్జి, హొచాచ్కా జవాబు ప్రకటించిరి. ఆమ్లజని లేని నీటిలో బంగారుచేప తయారుచేయు చివరి పదార్థము ఆల్కహాలు! పాశ్చరు ఈస్టులో చూచినదే ఇది. చేపను మాత్రమే పరీక్షించినచో ఇది తెలియకపోవుటలో వింత లేదు. ఆల్కహాలు మొప్పలద్వారా నీటిలోనికి జారిపోవుచున్నది. మెదడు, గుండె మొదలగు అవయవములలో పుట్టిన లాక్టిక్ ఆమ్లము రక్తమువెంట కండరములకు చేరును. అచ్చట అది ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మారును. రెండును బయటకు పోవును. ఆమ్లము పేరుకొనదు. పొయ్యికి పొగగొట్టము దొరికినది.

కాని ఇది ఉచితముగా రాలేదు. లాక్టిక్ ఆమ్లము దేహములో నిలిచియున్నచో ఆమ్లజని మరల దొరికినప్పుడు దానిని తిరిగి ఇంధనముగ వాడుకొనవచ్చును. ఆల్కహాలుగా నీటిలో కలిసినది మరల రాదు. చేప తన ఆస్తిని పారబోసి ప్రాణమును కొనుచున్నది.

కూడబెట్టుట, పొదుపు చేయుట

అట్టి బేరమునకు నిల్వ ధనము కావలెను. వేసవి అంతయు తిని ఈ చేప తన కాలేయములో గ్లైకోజెను అను పిండిపదార్థమును కూడబెట్టును. శరత్కాలమునకు కాలేయము దేహపు బరువులో నూటికి 15 వంతుల వరకును, అందులో గ్లైకోజెను నూటికి 30 వంతుల వరకును ఉండవచ్చునని ఫిన్లాండులో జరిగిన పరిశోధనలు తెలిపెను.

నిల్వతోబాటు పొదుపు కూడ ముఖ్యము. 1989లో నెదర్లాండ్సులోని లైడెన్ శాస్త్రజ్ఞులు బంగారుచేప దేహమునుండి వెలువడు వేడిని సూక్ష్మముగ కొలిచిరి. ఆమ్లజని లేనప్పుడు ఆ వేడి మామూలులో సుమారు 30 శాతమునకు దిగినది. అనగా చేప తన ఖర్చులో మూడింట రెండు వంతులకు పైగా తగ్గించుకొన్నది. ఇది సొమ్మసిల్లుట కాదు. క్రూషియన్ కార్ప్ ఆమ్లజని లేనప్పుడు కూడ నెమ్మదిగా ఈదుచుండును. మెదడు పని తగ్గునే గాని పూర్తిగా ఆగదు.

మొప్పల సంగతి ఇంకను చిత్రమైనది. ఆమ్లజని సమృద్ధిగా ఉన్న చల్లని నీటిలో ఈ చేప మొప్పల పలుచని రేకులు కణములచే కప్పబడియుండును. మొప్పల వైశాల్యము ఎక్కువైనకొలది దేహములోని లవణములు బయటకు పోవుటయు ఎక్కువగును. కావున అవసరము లేనప్పుడు కప్పియుంచుట లాభము. ఆమ్లజని తగ్గినప్పుడు ఆ కణములు తొలగి రేకులు బయటపడును. అప్పుడు శ్వాసించు వైశాల్యము సుమారు ఏడున్నర రెట్లగునని 2003లో నార్వే శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆమ్లజని తిరిగి వచ్చినచో మొప్పలు మునుపటివలెనగును.

రెండవ ప్రతి

వెన్నెముకగల జంతువునకు ఈస్టు విద్య ఎట్లబ్బినది? 2017లో ఓస్లో, లివర్‌పూలు విశ్వవిద్యాలయముల వారు దీనికి సమాధానము చెప్పిరి. గ్లూకోజు విడిపోగా వచ్చిన పదార్థమును దహనమార్గమునకు అందించుటకు సకల జంతువులలోను ఒక ఎంజైముల సముదాయము కలదు. సుమారు 80 లక్షల సంవత్సరముల క్రిందట ఈ చేపల పూర్వికులలో జన్యువుల మొత్తము రెట్టింపైనది. మొదటి ప్రతి తన పాత పని చేయుచునే ఉండగా, రెండవ ప్రతి క్రమముగ మారి, ఆమ్లజని లేనప్పుడు అదే పదార్థమును ఆల్కహాలు వైపు మళ్లించుట నేర్చినది. చలికాలమున ఈ చేప రక్తములో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండవచ్చును. పలు దేశములలో అంత ఆల్కహాలు రక్తములోనున్న మనుష్యుడు వాహనము నడుపుట నేరము!

మనము గ్రహించవలసినది

క్రూషియన్ కార్ప్ మన చెరువులలోని చేప కాదు. అయినను ఫ్రై చెప్పిన లెక్క మన చేపలకును వర్తించును. కొల్లేటి పరిసరములలోని చెరువులలో పెరుగు బొచ్చె, శీలావతి కార్ప్ కుటుంబమునకు చెందినవే. పగలు నాచు తయారుచేసిన ఆమ్లజనిని రాత్రివేళ చెరువులోని సమస్త జీవులును వాడుకొనును. తెల్లవారుజామున అది కనిష్ఠమునకు దిగును. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట, చేతిలోని సొమ్ము సున్నకు చేరుచున్నదనుటకు గుర్తు. కొఱ్ఱమీను పైకి వచ్చి బయటి గాలినే పీల్చగలదు. బొచ్చెకు, శీలావతికి ఆ సౌకర్యము లేదు. పైగా మన నీరు వెచ్చనిది. వెచ్చని నీటిలో ఆమ్లజని తక్కువ, చేప ఖర్చు ఎక్కువ. క్రూషియన్ కార్ప్ సైతము వెచ్చని నీటిలో ఆమ్లజని లేకుండ ఎక్కువ కాలము నిలువజాలదు. దానిని నెలల తరబడి కాపాడునది చలియే. కావున నీటిని చిలికి గాలి కలుపు యంత్రములు, మితమైన మేత, మితమైన చేపల సంఖ్య మన చెరువులకు అత్యవసరములు.

1960 మొదలు 2010 వరకు ప్రపంచ సముద్రములలోని ఆమ్లజని సుమారు 2 శాతము తగ్గినదని శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. నీరు వేడెక్కుట దీనికి ఒక ముఖ్యకారణము. కరవును తట్టుకొను ఉపాయము ఒక చేపకు లభించుటకు లక్షల సంవత్సరములు పట్టినది. నేటి నీరు దశాబ్దములలోనే మారుచున్నది. అంత వ్యవధి ఇతర చేపలకు దొరకదు.