మంట కనబడని పొయ్యి

కట్టెల పొయ్యిలో మంట కనబడుతుంది గనుక జాగ్రత్త దానంతటదే అలవడింది. వంటగది అలమరలో అమర్చిన విద్యుత్ ఓవెన్‌లో మంటే ఉండదు. దాని చరిత్రను కనబడని వేడిని మచ్చిక చేసుకున్న కథగానే నేను చదువుకున్నాను.

1892లో కెనడాలోని ఒట్టావాలో థామస్ అహెర్న్ విండ్సర్ హోటల్లో ఒక విందుకు వంటకాలన్నిటినీ విద్యుత్తుతోనే వండించి చూపాడు. అయితే ఎర్రగా కాలే తీగ గాలి సోకి త్వరగా పాడైపోయేది. 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన నికెల్-క్రోమియం మిశ్రమలోహం ఆ చిక్కు తీర్చింది. దానిపై ఏర్పడే పలుచని ఆక్సైడు పొరే దానికి కవచం. అందుకే తీగపై శుభ్రపరిచే రసాయనాలు చల్లరాదు. కరెంటు ఆపి, చల్లారాక లోపలి గోడలను తడిగుడ్డతో తుడిస్తే చాలు.

1963లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తనంత తాను శుభ్రపడే ఓవెన్‌ను తెచ్చింది. సుమారు 480 డిగ్రీల సెల్సియస్ వద్ద జిడ్డు బూడిదవుతుంది. చల్లబడేవరకు తలుపు తాళం పడే ఉంటుంది. అంతకుముందే పేరుకున్న నూనె తుడిచి, కిటికీలు తెరవాలి. ఆ పొగలు పెంపుడు పక్షుల ప్రాణం తీయగలవు. వాటిని దూరంగా ఉంచాలి.

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఓవెన్ మూకుళ్ళు దాచే అరగా మారడం చాలాచోట్ల చూశాను. వంట మొదలుకాలేదనడానికి పొయ్యిలో పిల్లి లేవలేదంటాం. ఈ పొయ్యిలోంచి ముందుగా లేవవలసినవి ఆ మూకుళ్ళు, ప్లాస్టిక్ డబ్బాలు. మీట తిప్పేముందు తలుపు తీసి చూడండి.