పలుచని పాలిమర్ పొరలు: అణువుల చలనశీలత, ఉపరితల ప్రభావాలు

పాలిస్టైరీన్ వంటి పాలిమర్‌ను వంద నానోమీటర్ల కంటే తక్కువ మందంతో పొరగా పరిచినప్పుడు, అందులోని అణువులు అదే పదార్థపు పెద్ద ముద్దలో కదిలినట్లు కదలవు. గాలికి తెరిచి ఉన్న తలం దగ్గర వాటి కదలిక వేగం పుంజుకుంటుంది. పొరను మోస్తున్న ఘనతలం దగ్గర, ఆ రెండు పదార్థాల మధ్య ఆకర్షణ ఎంత బలమైనదో దానిని బట్టి, కదలిక మందగించడమో యథాతథంగా ఉండడమో జరుగుతుంది. ముద్దలో ఈ రెండు తలాల వాటా లెక్కలోకి రానంత స్వల్పం గనుక వాటి ప్రభావం బయటికి కనిపించదు. పొర పలుచనయ్యే కొద్దీ తలాలకు దగ్గరగా ఉన్న పదార్థమే అధిక భాగమై, చివరకు పొర స్వభావాన్ని శాసిస్తుంది. ఈ మార్పును మొదట గాజు పరివర్తన ఉష్ణోగ్రతలో వచ్చే తేడాగా గుర్తించారు. చాలాకాలం పాటు చర్చ అంతా ఆ ఒక్క అంకె చుట్టూనే తిరిగింది.

గాజు పరివర్తన అంటే ద్రవం స్ఫటికంగా మారకుండానే గట్టిపడడం. వేల సంఖ్యలో చిన్న ఘటకాలు వరుసగా ముడిపడి ఏర్పడిన పొడవైన గొలుసులే పాలిమర్ అణువులు. కరిగిన స్థితిలో అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉన్నా, గొలుసులోని చిన్న చిన్న తునకలు నిరంతరం చోటు మార్చుకుంటూనే ఉంటాయి. చల్లబరిచే కొద్దీ ఈ మార్పులకు పట్టే కాలం విపరీతంగా పెరుగుతుంది. ఒక దశలో, చల్లబరిచే వేగాన్ని అందుకొని కొత్త అమరికలోకి చేరడానికి అణువులకు వ్యవధి చాలక, పదార్థం అప్పటి అస్తవ్యస్త అమరికతోనే బిగుసుకుపోతుంది. ఆ ఉష్ణోగ్రత పాలిస్టైరీన్‌కు సుమారు 100 డిగ్రీల సెల్సియస్. అది నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత లాంటి స్థిరమైన హద్దు కాదు. పదిరెట్లు నెమ్మదిగా చల్లబరిస్తే సుమారు మూడు డిగ్రీలు కిందికి జరుగుతుంది. అంటే గాజు పరివర్తన ఉష్ణోగ్రత అనే మాటలోనే అణువుల వేగానికీ కొలిచేవారి ఓపికకూ మధ్య పోటీ దాగి ఉంది, దీనిని మరవడం వల్లనే తరువాతి వివాదాలలో సగం పుట్టాయి.

అణువు కదలడానికి ప్రధానమైన ఆటంకం దాని చుట్టూ ఉన్న పొరుగు అణువులే. తిరునాళ్ళలో కిక్కిరిసిన గుంపు నడుమ నిలబడ్డవాడు అడుగు వేయాలంటే చుట్టూ ఉన్న నలుగురూ కూడబలుక్కొని జరగవలసిందే గాని, గుంపు అంచున ఉన్నవాడికి ఒక వైపు దారి తెరిచే ఉంటుంది. పాలిమర్ పొర పైతలంలో ఉన్న తునకకు కూడా పొరుగువారిలో ఒక భాగం లేనేలేదు గనుక దాని కదలికకు కావలసిన సహకారం తక్కువ. ఈ సడలింపు ఎంత లోతు వరకు పాకుతుంది అన్నదే అసలు ప్రశ్న.

ఇరుకు చోట్లలో గాజు పరివర్తన మారుతుందన్న సూచన పాలిమర్ పొరల కంటే ముందే వచ్చింది. 1991లో జాక్సన్, మెకెన్నాలు నానోమీటర్ల వ్యాసం గల రంధ్రాలున్న గాజులో సేంద్రియ ద్రవాలను నింపి, వాటి గాజు ఉష్ణోగ్రత తగ్గడాన్ని గమనించారు. పాలిమర్ల విషయంలో మలుపు తిప్పిన పరిశోధన కేంబ్రిడ్జిలో జోసెఫ్ కెడ్డీ, రిచర్డ్ జోన్స్, కోరీలు 1994లో ప్రచురించినది. పాలిమర్‌ను టోలుయీన్ వంటి ద్రావణిలో కరిగించి, వేగంగా గిర్రున తిరిగే సిలికాన్ వేఫర్ మీద కొన్ని చుక్కలు వేస్తే, ద్రావణం పరుచుకొని, ద్రావణి ఆవిరై, అద్దంలా నునుపైన పొర మిగులుతుంది. దాని మీద ధ్రువిత కాంతిని ఏటవాలుగా ప్రసరింపజేసి, పరావర్తనం చెందిన కాంతి ధ్రువణంలోని మార్పు నుంచి పొర మందాన్ని నానోమీటరులో చిన్న భాగం వరకు లెక్కగట్టే పద్ధతిని ఎలిప్సోమెట్రీ అంటారు. పొరను వేడిచేస్తూ ఈ మందాన్ని గుర్తిస్తూ పోతే, గాజు స్థితిలో నెమ్మదిగా వ్యాకోచించిన పొర ఒక ఉష్ణోగ్రత దాటాక వేగంగా వ్యాకోచించడం మొదలుపెడుతుంది. రేఖాచిత్రంలో వంపు తిరిగిన ఆ చోటునే గాజు పరివర్తనగా తీసుకున్నారు. మందం 40 నానోమీటర్ల కంటే తగ్గినప్పటి నుంచి ఆ వంపు తక్కువ ఉష్ణోగ్రతల వైపు జరగసాగి, 10 నానోమీటర్లకు చేరేసరికి పాతిక డిగ్రీలకు పైగా దిగివచ్చింది.

ఆ పరిశోధనలో అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటుంది. సాపేక్ష అణుభారం సుమారు 1,20,000 ఉన్న గొలుసులతోనూ, 29,00,000 ఉన్న గొలుసులతోనూ చేసిన పొరలు ఒకే తగ్గుదల చూపించాయి. గొలుసు చుట్టుకొని ఏర్పడే ఉండ పరిమాణం అణుభారపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, ఆ రెండింటి ఉండల మధ్య దాదాపు అయిదు రెట్ల తేడా ఉంది. పొరలో ఉండ ఇమడక నలిగిపోవడమే కారణమైతే ఫలితాలు వేరువేరుగా ఉండి తీరాలి. అలా లేవు గనుక, పైతలం మీద ద్రవం వంటి పలుచని పొర ఒకటి ఉండి, అదే మొత్తం పొరను ప్రభావితం చేస్తున్నదని కెడ్డీ బృందం ఊహించింది.

అదే బృందం అదే ఏడాది పాలీమిథైల్ మెథాక్రిలేట్‌తో చేసిన ప్రయోగం ఘనతలం పాత్రను బయటపెట్టింది. బంగారు పూత మీద ఆ పాలిమర్ గాజు ఉష్ణోగ్రత పొర పలుచనైన కొద్దీ తగ్గితే, సహజంగా ఆక్సైడు పట్టిన సిలికాన్ మీద అది కొద్ది డిగ్రీలు పెరిగింది. ఆక్సైడు తలం మీద ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు పాలిమర్‌లోని కార్బొనిల్ ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుస్తాయి గనుక, అడుగున ఉన్న గొలుసులు తలానికి అంటుకొని, పైతలం ఇచ్చిన స్వేచ్ఛను మించిన బిగింపు పొందుతాయి. పాలిస్టైరీన్‌కు ఆక్సైడుతో అలాంటి బంధం లేదు. కాబట్టి ఒక పలుచని పొర గాజు ఉష్ణోగ్రత ఇంత అని చెప్పేటప్పుడు, అది దేని మీద పరిచినదో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఘనతలాన్ని పూర్తిగా తొలగిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు 1996లో జేమ్స్ ఫారెస్ట్, కారీ డల్నోకి-వెరెస్, జాన్ డచర్ తదితరులు సమాధానం వెదికారు. అభ్రకం మీద పరిచిన పాలిస్టైరీన్ పొరను నీటి మీద తేల్చి, రంధ్రమున్న పలకతో పైకెత్తితే, రంధ్రం మీద రెండు వైపులా గాలి తగులుతూ నిలిచే పొర తయారవుతుంది. కాంతి పరిక్షేపణం ద్వారా దానిలో ధ్వని వేగాన్ని కొలిచి, 29 నానోమీటర్ల పొరలో గాజు ఉష్ణోగ్రత దాదాపు 70 డిగ్రీలు తగ్గినట్లు వారు చూపారు. ఘనతలం మీది పొరలలో కనిపించిన దానికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అంతేగాక, ఈ పొరలలో తగ్గుదల గొలుసు పొడవు మీద ఆధారపడింది. ఒక తలాన్ని రెండు చేసినంత మాత్రాన ఇంత తేడా రాకూడదు. దీనికి వివరణగా 2000లో పియర్-జిల్ ద జెన్, రెండు చివరలూ పైతలాన్ని తాకుతున్న గొలుసు భాగం తన ఒంపుల దారి వెంటే జారిపోగలదనీ, అలా జారడానికి పొరుగు అణువులను తొలగించవలసిన పని లేదనీ సూచించారు. ఆలోచనలో అందం ఉన్నా, దానిని నేరుగా నిర్ధారించిన ప్రయోగం లేదు. పైగా 2011లో జస్టిన్ పై, కోనీ రోత్‌లు ఇలాంటి పొరలను మరింత నిశితంగా కొలిచి, వాటిలో ఒకటి కాదు రెండు పరివర్తనలు ఉన్నాయనీ, అందులో పై ఉష్ణోగ్రత వద్ద జరిగేది గొలుసు పొడవుతో సంబంధం లేనిదనీ చూపించడంతో, ఒక్క వివరణతో సరిపెట్టే దారి మూసుకుపోయింది.

సగటును కాకుండా పైతలాన్నే విడిగా పరీక్షించే ప్రయత్నాలు మరింత ఫలవంతమయ్యాయి. జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో కజియామా బృందం సూదిమొన సూక్ష్మదర్శినితో పాలిస్టైరీన్ తలాన్ని గీరి చూసి, లోపలి పదార్థం గట్టిగా ఉన్న ఉష్ణోగ్రతల వద్దనే పైతలం మెత్తబడుతున్నదని తేల్చింది. 2003లో ఎలిసన్, టోర్కెల్సన్‌లు ప్రతిదీప్తినిచ్చే పైరీన్ అణువులను కొన్ని గొలుసులకు మాత్రమే అతికించి, ఆ గొలుసులతో చేసిన 14 నానోమీటర్ల పొరను గుర్తులేని మందమైన పొర మీద పెట్టి, ఆ కాస్త మేర గాజు ఉష్ణోగ్రత 32 డిగ్రీలు తక్కువని కనుగొన్నారు. అదే గుర్తు పొరను లోపల పూడ్చిపెడితే ముద్ద విలువే వచ్చింది.

ఈ వరుసలో ఎక్కువగా గుర్తుండిపోయే ప్రయోగం జహ్రా ఫక్రాయీ, ఫారెస్ట్‌లు 2008లో చేసినది. పాలిస్టైరీన్ తలం మీద సుమారు 20 నానోమీటర్ల వ్యాసం గల బంగారు గోళాలను చల్లి, కాస్త వేడితో అవి కొంత మేర లోపలికి దిగేలా చేసి, ఆ తరువాత పాదరసంతో బంగారాన్ని కరిగించి తీసేస్తే తలం నిండా చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. తలతన్యత ఆ గుంటలను పూడ్చాలని చూస్తుంది. తలం నిజంగా బిగుసుకుపోయి ఉంటే అవి అలాగే ఉండాలి. గాజు ఉష్ణోగ్రతకు ఎన్నో పదుల డిగ్రీలు దిగువన, చివరకు గది ఉష్ణోగ్రత ప్రాంతంలో కూడా గుంటల లోతు కాలంతో పాటు తగ్గుతూ వచ్చింది. ముద్దలోని అణువుల కదలికకు పట్టే కాలం ఉష్ణోగ్రత తగ్గితే నిట్టనిలువుగా పెరుగుతుండగా, గుంట పూడడానికి పట్టే కాలం మాత్రం గాజు ఉష్ణోగ్రతకు బాగా దిగువన స్వల్పంగానే మారింది. 2014లో ఫారెస్ట్, డల్నోకి-వెరెస్, రాఫాయెల్ తదితరులు, చిన్న గొలుసుల పాలిస్టైరీన్ పొర మీద మరో పొర ముక్కను అమర్చి, ఆ మెట్టు అంచు కాలంతో ఎలా సమమవుతుందో చూశారు. గాజు ఉష్ణోగ్రతకు ఎగువన పొర మొత్తం మందంలోనూ పారితే, దిగువన పైనున్న అతి పలుచని భాగం ఒక్కటే పారుతున్నదనీ, రెండు సందర్భాల్లోనూ అంచు ఆకృతి వేరువేరు గణిత సమీకరణాలకు సరిపోతున్నదనీ తేలింది. అంతకు ముందే, 2010లో ఓఫీలియా సుయ్ బృందం చిన్న గొలుసుల పొరలలో స్నిగ్ధతను కొలిచి, చలనశీలమైన పైపొర మందం రెండుమూడు నానోమీటర్లను మించదని అంచనా వేసింది.

ఇంత స్పష్టమైన ఆధారాలున్నా, పొర మొత్తానికి గాజు ఉష్ణోగ్రత తగ్గుతుందా అన్న విషయంలో మాత్రం ఫలితాలు పొసగలేదు. సెకనుకు వేల డిగ్రీల వేగంతో వేడిచేసే నానో కెలోరీమీటరుతో 2003లో ఎఫ్రెమోవ్ బృందం చేసిన కొలతల్లో మందాన్ని బట్టి చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. వేగంగా మారే విద్యుత్ క్షేత్రానికి అణువుల స్పందనను కొలిచిన ప్రయోగాల్లోనూ చాలా చోట్ల అదే జరిగింది. ఫక్రాయీ, ఫారెస్ట్‌లు 2005లో చేసిన పరిశీలన ఈ ముడిని కొంత విప్పింది: ఆరు నానోమీటర్ల పొరను నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిస్తే పెద్ద తగ్గుదల కనిపించగా, నిమిషానికి వంద డిగ్రీల స్థాయి వేగంతో చల్లబరిస్తే అది చాలావరకు మాయమైంది. వేగవంతమైన కొలత ఎక్కువ ఉష్ణోగ్రతల వద్ద, తలమూ లోపలి భాగమూ దాదాపు సమాన వేగంతో కదిలే పరిస్థితిని చూస్తుంది. నెమ్మదైన కొలత ఆ రెండూ వేరుపడిన పరిస్థితిని చూస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అడిగిన ప్రశ్నలే వేరు.

పొర పుట్టుక కూడా లెక్కలోకి వస్తుంది. ద్రావణి క్షణాల్లో ఆవిరైపోయేటప్పుడు గొలుసులు సహజమైన ఆకృతిలోకి చేరకముందే బిగుసుకుపోయి, పొరలో ఒత్తిడి మిగిలిపోతుందనీ, పొర చీలి బొట్లుగా ముడుచుకుపోయే తొలిదశను శాసించేది అదేననీ గుంటర్ రైటర్ బృందం 2005లో చూపింది. 2011లో నపోలిటానో, వ్యూబెన్‌హోర్స్ట్‌లు, ఘనతలం మీది పొరను గాజు ఉష్ణోగ్రతకు పైన చాలాకాలం ఉంచితే అడుగునున్న గొలుసులు క్రమంగా తలానికి శాశ్వతంగా అంటుకుపోతాయనీ, ఆ అంటుకున్న పొర పెరిగే కొద్దీ గాజు ఉష్ణోగ్రతలోని తగ్గుదల కరిగిపోతుందనీ గమనించారు. ఒకే మందం, ఒకే పాలిమర్, ఒకే ఘనతలం ఉన్నా రెండు ప్రయోగశాలలకు రెండు అంకెలు రావడానికి, పొరను కొలతకు ముందు ఎన్ని గంటలు వేడి మీద ఉంచారన్నదే చాలుతుంది.

ఉపరితల చలనశీలత పాలిమర్లకే పరిమితం కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఎడిగర్ బృందం 2007లో ఇండోమెథాసిన్ వంటి చిన్న అణువుల ఆవిరిని, గాజు ఉష్ణోగ్రతకు సుమారు 50 డిగ్రీలు తక్కువగా ఉంచిన తలం మీద నెమ్మదిగా పేర్చి, ద్రవాన్ని చల్లబరిచి తయారుచేసిన గాజు కంటే సాంద్రమైన, స్థిరమైన గాజును పొందింది. కొత్తగా వచ్చిన ప్రతి అణువూ కింద పూడుకుపోయేలోగా పైతలం మీద కదిలి అనువైన చోటు వెతుక్కోగలగడమే దీనికి కారణం.

సాంకేతికరంగంలో ఈ ప్రభావం బాగా తెలిసేది వాయువులను వేరుచేసే పాలిమర్ పటలాలలో. వాటిలో పనిచేసే పొర వంద నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. గాజు స్థితిలోని పాలిమర్ కాలక్రమేణా సాంద్రమై, వాయువులను తక్కువగా పోనిస్తుంది. పాలీసల్ఫోన్, పాలీఇమైడ్ పొరలను పరిశీలించినప్పుడు, మందం మైక్రోమీటరు కంటే తగ్గిన పొరలు పాతిక మైక్రోమీటర్ల పొరల కంటే ఎంతో వేగంగా ఇలా ముదిరిపోతున్నట్లు తేలింది. అయితే నాలుగయిదు వందల నానోమీటర్ల పొరలో కూడా ఈ తేడా కనిపించడం, రెండుమూడు నానోమీటర్ల చలనశీలమైన పైపొరతో నేరుగా వివరించలేని విషయం. అణువుల మధ్య చిక్కుకున్న ఖాళీ జాగా పొర లోపలి నుంచి పైతలం వరకు విసరణ చెంది బయటపడుతుందనీ, దూరం తక్కువైన కొద్దీ అది త్వరగా ముగుస్తుందనీ చెప్పే సిద్ధాంతం ఈ మందాలకు బాగా సరిపోతుంది. ఆ ఖాళీ జాగాను విడివిడిగా కదిలే రేణువుల్లా భావించవచ్చునా అన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది.