అమెరికా అత్యవసర అద్దె సాయం: ఏ మాటకు ఏ అర్థం

ప్రభుత్వం ఏదైనా సాయం ప్రకటిస్తే మనం ముందు అడిగేది ఎంత ఇస్తారని. ఎవరికిస్తారన్నది మాత్రం నిర్వచనాల పేజీలో ఉంటుంది. ఆ పేజీని చాలామంది చదవరు. అమెరికాలో కరోనా కాలంలో నడిచిన అత్యవసర అద్దె సాయం పథకం దీనికి మంచి ఉదాహరణ. మన ఇళ్ల పిల్లలు ఎందరో అక్కడ అద్దె ఇళ్లలో ఉన్నారు. హోసూరు వైపు బాడుగ అన్నా, యానాంలో అద్దె అన్నా నెల తిరిగితే కట్టక తప్పని సొమ్మే కాబట్టి, ఈ మాటలు ఇక్కడి వారికీ పనికొస్తాయి.

పథకం: ఇది రెండు విడతలుగా వచ్చింది. 2020 డిసెంబరు 27న సంతకమైన చట్టం 2,500 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2021 మార్చి 11 నాటి చట్టం మరో 2,155 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఫెడరల్ ఆర్థిక శాఖ ఈ సొమ్మును రాష్ట్రాలకు, పెద్ద నగరాలకు, కౌంటీలకు పంపింది. ప్రజల నుంచి అర్జీలు తీసుకుని పరిశీలించింది ఆ స్థానిక యంత్రాంగాలే.

అర్హత గల కుటుంబం: పథకానికి మూలం ఈ మాటే. నివాసానికి అద్దె కట్టే బాధ్యత ఉండాలి. ఒక్కరే ఉంటున్నా కుటుంబం కిందే లెక్క. దానిపైన మూడు షరతులున్నాయి. ఒకటి, ఇంట్లో ఎవరికైనా నిరుద్యోగ భృతికి అర్హత వచ్చి ఉండాలి, లేదా మహమ్మారి వల్ల ఆదాయం తగ్గడమో, ఖర్చు పెరగడమో, మరో ఆర్థిక ఇబ్బందో కలిగి ఉండాలి. రెండు, ఇల్లు పోయే ప్రమాదం గానీ నివాసం నిలకడ లేకపోవడం గానీ చూపాలి. మూడు, ఆదాయం పరిమితి దాటకూడదు. మూడూ కలిస్తేనే అర్హత.

మొదటి చట్టంలో ఆర్థిక ఇబ్బంది మహమ్మారి 'వల్ల' నేరుగా గానీ పరోక్షంగా గానీ కలిగి ఉండాలన్నారు. రెండో చట్టంలో మహమ్మారి 'కాలంలో' కలిగినా సరిపోతుందని చేర్చారు. కారణం రుజువు చేయడం కష్టం, కాలం చూపడం సులువు. ఆ ఒక్క మాటతో అర్జీదారు భారం తగ్గింది.

నివాస అస్థిరత: వీధిన పడేదాకా ఆగనక్కరలేదు. అద్దె బాకీ నోటీసు, కరెంటు బాకీ నోటీసు, ఖాళీ చేయమన్న నోటీసు, ప్రమాదకరమైన లేదా ఆరోగ్యానికి చెడుపు చేసే ఇంట్లో ఉంటున్నట్టు ఆధారం, వీటిలో ఏదైనా చూపవచ్చు.

ప్రాంత మధ్యస్థ ఆదాయం: ఒక ప్రాంతంలోని కుటుంబాలను ఆదాయం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే కుటుంబం ఆదాయం ఇది. ఇది సగటు కాదు. పరిమితి ఇందులో 80 శాతం. 50 శాతానికి మించని వారికీ, అర్జీకి ముందు 90 రోజులుగా ఉద్యోగం లేనివారికీ ప్రాధాన్యం. ఊరిని బట్టి, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఒకే జీతం తెచ్చే ఇద్దరిలో ఒకరు అర్హులు కావచ్చు, మరొకరు కాకపోవచ్చు. మొదటి విడతలో 2020 మొత్తం ఆదాయం గానీ, అర్జీ నాటి నెల ఆదాయం గానీ చూపే వీలుండేది. నెల ఆదాయం చూపితే 3 నెలలకోసారి మళ్లీ సరిచూసేవారు.

అద్దె: అపార్టుమెంటు అద్దె ఒక్కటే కాదు. సొంత మొబైల్ ఇంటిని అద్దె స్థలంలో నిలిపితే ఆ స్థలం అద్దె కూడా ఇందులోకి వస్తుంది. సొంతింటి అప్పు వాయిదా రాదు. దానికి వేరే నిధి పెట్టారు. మొదటి విడతలో 12 నెలలు, అవసరమైతే మరో 3 నెలలు ఇచ్చేవారు. రెండో విడత వచ్చాక రెండూ కలిపి గరిష్ఠంగా 18 నెలలు.

వసతి ఖర్చులు: కరెంటు, గ్యాసు, నీరు, మురుగు, చెత్త ఎత్తివేత వంటివి విడిగా బిల్లు వేస్తే ఇందులో చేరతాయి. ఫోను, కేబులు, ఇంటర్నెట్ చేరవు. అయితే నివాసానికి సంబంధించిన 'ఇతర ఖర్చులు' అన్న మరో పద్దు కింద ఇంటర్నెట్‌కు ఇవ్వవచ్చన్నారు. బిల్లు ఒకటే అయినా ఒక పద్దులో కాదు, మరో పద్దులో అవును. ఇల్లు మారే ఖర్చు, అడ్వాన్సు కూడా ఈ ఇతర ఖర్చుల్లోకే వస్తాయి.

స్వీయ ధ్రువీకరణ: పేదలకు ఎక్కువగా ఉపయోగపడినది ఇది. రాతపూర్వక ఒప్పందం లేనివారు అక్కడ నివసిస్తున్నట్టు ఏదో ఒక ఆధారం, అద్దె కట్టినట్టు బ్యాంకు లెక్క గానీ ఇంటి యజమాని మాట గానీ చూపవచ్చు. అద్దె ఎంతో చూపే కాగితం ఏదీ లేకుంటే అర్జీదారు సంతకంతో రాసిచ్చిన పత్రాన్ని ఒప్పుకోవచ్చు. దానికీ హద్దుంది: ఆ ప్రాంతానికి ప్రభుత్వం లెక్కగట్టిన అద్దెకు మించకుండా, ఒకసారికి 3 నెలలకే.

మన దేశంలో 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ, వలస కార్మికులతో సహా కార్మికుల దగ్గర యజమానులు ఒక నెల అద్దె అడగరాదని ఉత్తర్వు ఇచ్చింది. అద్దె సొమ్మును ప్రభుత్వం కడుతుందని అందులో లేదు. ఇంకోవైపు తమిళనాట 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులో ఉన్న అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందం, దాని నమోదు తప్పనిసరి అంటుంది. తరాలుగా నోటిమాట మీద బాడుగ ఇచ్చే మన కుటుంబాలు ఇది గమనించాలి. రేపు ఏ సాయం వచ్చినా, ఏ తగవు వచ్చినా 'అద్దెదారు' అన్న మాటకు మనం సరిపోతామా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

అందుకే సభ్యులకు మా సూచన: ఒప్పందం రాయించుకుని నమోదు చేయించండి. బాడుగ వీలైనంత వరకు బ్యాంకు ద్వారా కట్టండి. చేతికిస్తే రశీదు అడగండి. ఆ చిరునామాకు వచ్చిన కరెంటు బిల్లులు దాచండి. నోటీసు ఏది వచ్చినా పారేయకండి. ఏ పథకానికైనా అర్జీ రాసే ముందు నిర్వచనాల పేజీ ఒకసారి చదవండి. అది ఇంగ్లీషులోనో, మనకు చదవరాని మరో భాషలోనో ఉంటే చదివి చెప్పగలవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. అర్థం తెలిశాకే సంతకం చేయండి.