తప్పుడు అభియోగం: నష్టపరిహారం ఎవరిపై?

నిర్దోషికి శిక్ష పడిన తరువాత నిజం బయటపడితే ఆ నష్టాన్ని ఎవరు భరించాలి? 1976లో ఇంబ్లర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీనికి ఒక జవాబు చెప్పింది. కేసు పెట్టడంలోను, కోర్టులో దానిని నడపడంలోను ప్రాసిక్యూటర్ చేసిన పనికి, అతడు తెలిసి అబద్ధపు సాక్ష్యం వాడాడని ఆరోపించినా సరే, అతనిపై నష్టపరిహారపు దావా చెల్లదన్నది. దావాల భయం ఉంటే విధినిర్వహణ కుంటుపడుతుందన్నది న్యాయస్థానం వాదన.

ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను మరో వైపు నుండి ఆలోచించారు. సహీహ్ బుఖారీలో రక్తపరిహార ప్రకరణంలో ఒక ఉదంతం ఉంది. ఇద్దరు మనుషులు ఒకడు దొంగతనం చేశాడని సాక్ష్యమివ్వగా హజ్రత్ అలీ (రజి) అతని చేయి ఖండింపజేశారు. తరువాత వారే మరొకడిని తీసుకొచ్చి, పొరబడ్డాము, దొంగ ఇతడేనన్నారు. ఆయన రెండవవాడిపై వారి సాక్ష్యాన్ని తోసిపుచ్చారు. మొదటివాని చేతికి పరిహారం వారిచేతనే కట్టించారు. బుద్ధిపూర్వకంగా చేశారని తేలితే వారి చేతులే పోయేవని హెచ్చరించారు. ఒక చేతికి పరిహారం యాభై ఒంటెలు. సామాన్యుడికి అది మోయలేని భారం.

ఈ తీర్పు చుట్టూ చాలా చర్చ జరిగింది. ప్రాణం పోయిన కేసులో సాక్షులు తాము కావాలని అబద్ధమాడామని ఒప్పుకుంటే వారికి ప్రతీకార శిక్ష (ఖిసాస్) విధించాలన్నారు షాఫయీలు. సాక్షి స్వయంగా చంపినవాడు కాడు, మరణానికి కారకుడు మాత్రమే గనుక పరిహారమే చాలునన్నారు హనఫీలు. క్రీ.శ. 1197లో మరణించిన మర్గీనానీ తన 'హిదాయా'లో సాక్ష్య ఉపసంహరణకు ప్రత్యేక ప్రకరణమే కేటాయించాడు. ఇద్దరిలో ఒకడే మాట మార్చుకుంటే సగం భారం అతనిది. సాక్షుల శీలానికి హామీ ఇచ్చినవారు (ముజక్కీలు) తమ హామీని వెనక్కి తీసుకుంటే వారూ బాధ్యులేనన్నది ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యులిద్దరూ ఒప్పుకోలేదు. నా దృష్టిలో గురువుగారి మాటే బలమైనది. ఆ హామీ లేకుంటే తీర్పే లేదు కదా.

అయితే ఒక విషయం దాచకూడదు. ఈ సూత్రాలన్నీ ఖాజీ ఎదుట నిలిచిన ప్రైవేటు వ్యక్తులకే. నేటి అర్థంలో ప్రభుత్వ ప్రాసిక్యూటర్ అప్పుడు లేడు. పాలకుని మనుషులే నేరం మోపినప్పుడు దారి వేరు. క్రీ.శ. 1058లో మరణించిన మావర్దీ, నిందితుని బంధించి కొట్టి నిజం రాబట్టే అధికారం ఖాజీకి లేదంటూనే, అమీర్‌కు కొన్ని హద్దులలో దానిని అనుమతించాడు. మళ్లీ అదే గ్రంథంలో, మజాలిమ్ న్యాయసభ విచారించవలసిన పది విషయాలలో మొదటిదిగా ప్రజలపై అధికారుల దౌర్జన్యాన్ని పేర్కొన్నాడు. దానికి ఫిర్యాదీ రావలసిన పనిలేదన్నాడు. కాని ఆ సభలో కూర్చునేది పాలకుడో, అతడు నియమించినవాడో. అమీర్ చేతిలో దెబ్బలు తిన్నవాడు న్యాయం కోసం ఆ గుమ్మమే ఎక్కాలి.