ఆముదం, చిన్న ఇంజన్, ఫ్లడింగ్ సమస్య

నమూనా విమానపు ఇంజన్ సిలిండర్‌లోకి కాలగలిగిన దానికంటే ఎక్కువ ఇంధనం చేరడాన్ని ఫ్లడింగ్ అంటారు. దీని చరిత్ర చదవాలంటే పాలమూరు చల్క నేలల దగ్గర మొదలుపెట్టవచ్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ఆముదం పాత పంట. దీపానికీ, తలకూ, ఎడ్లబండి ఇరుసుకు కందెనగానూ ఆ నూనే వాడేవారు. క్రాంతి, హరిత రకాలు నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధనా స్థానం నుంచే వచ్చాయి. ఈ కందెనకు విమానంతోనూ సంబంధం ఉందని మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు.

1909 నుంచి ఎగిరిన ఫ్రెంచి నోమ్ రోటరీ ఇంజన్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం క్రాంక్‌కేసు గుండానే సిలిండర్లకు వెళ్లేది. ఖనిజ నూనె పోస్తే పెట్రోలు దాన్ని పలుచన చేసి కడిగేస్తుంది. ఆముదం పెట్రోలులో అంత తేలిగ్గా కరగదు. అందువల్ల మొదటి ప్రపంచయుద్ధంలో అది సైనిక అవసరమైంది. ఆ గింజల ఎగుమతిలో భారతదేశం ముందుండేది. దేశంలో నిజాం రాజ్యం ముఖ్యమైన ఉత్పత్తి ప్రాంతం.

పెద్ద విమానాలు ఆ ఇంజన్లను మానేసినా, నమూనా విమానాలు ఆముదాన్ని వదలలేదు. 1940లలో వ్యాపించిన చిన్న డీజిల్ ఇంజన్లకు ఈథర్, కిరోసిన్, ఆముదం దాదాపు సమపాళ్లలో కలిపేవారు. ఈథర్ లేకుంటే మిగతా రెండూ సరిగా కలవవు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్‌ను మార్కెట్లోకి తెచ్చాక మిథనాల్, ఆముదం మిశ్రమం వాడుకలోకి వచ్చింది. మన దేశంలో కలకత్తాలో తయారైన అరోరా ఇంజన్లు, ఎన్‌సిసి వైమానిక విభాగపు ఏరోమోడలింగ్ శిక్షణ ఈ విద్యను విద్యార్థుల దాకా తెచ్చాయి.

మోటారుసైకిల్ కార్బురేటర్‌లో ఫ్లోట్ ఉంటుంది; పెట్రోలు నిండగానే దారి మూస్తుంది. బరువు తగ్గాలని, తలకిందులుగానూ ఎగరాలని చిన్న ఇంజన్‌లో దాన్ని తీసేశారు. మిగిలింది సూది వాల్వు ఒక్కటే. ట్యాంకు దానికంటే ఎత్తులో ఉంటే ఇంజన్ ఆగి ఉన్నా ఇంధనం కారుతూనే ఉంటుంది. గాలిదారిని వేలితో మూసి ప్రొపెల్లర్ ఎక్కువసార్లు తిప్పినా అంతే. చాలామంది దీన్ని ఇంజన్ లోపమంటారు. నేను ఒప్పుకోను, ఫ్లోట్ వద్దనుకున్న నిర్మాణంలో ఇది సహజమే.

ద్రవాన్ని పిస్టన్ అణచలేదు. బలవంతంగా తిప్పితే, ముఖ్యంగా ఎలక్ట్రిక్ స్టార్టర్ పెడితే, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కనుక ముందు సూది వాల్వు మూయాలి. గ్లో ఇంజన్ అయితే బ్యాటరీ తీసి, ప్లగ్ విప్పి, ఎగ్జాస్ట్ కిందికి వచ్చేలా వంచి, ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పి ఇంధనం పోనివ్వాలి. తడిసిన ప్లగ్ తీగ సరిగా వేడెక్కదు, ఆరబెట్టి బిగించాలి. డీజిల్ ఇంజన్‌కు ప్లగ్ ఉండదు; పైనున్న కంప్రెషన్ స్క్రూ వదులు చేయాలి. తర్వాత ట్యాంకు మధ్యభాగం సూది వాల్వు ఎత్తులోగానీ, కొంచెం కిందుగాగానీ ఉండేలా అమర్చాలి. లేకుంటే రేపూ ఇదే పని. మిథనాల్ మంట ఎండలో కనిపించదు; ఒలికినది తుడిచి ఆరనివ్వకుండా మళ్లీ బ్యాటరీ తగిలించరాదు.

ఆముదంతో ఇంకో చిక్కుంది. మిథనాల్ ఆవిరైపోతుంది, ఆముదం మిగిలి జిగురుగా మారుతుంది. నెలల తరబడి పెట్టెలో ఉన్న ఇంజన్‌లో సూది దారి పూడుకుపోతే, ఇంధనం రావడం లేదని విద్యార్థి సూదిని ఇంకా తెరుస్తాడు. జిగురు కరగగానే ఇంజన్ ఫ్లడ్ అవుతుంది. అలాంటప్పుడు సూది విప్పి, ఆ దారిని మిథనాల్‌తో కడిగి, తర్వాతే ట్యాంకు నింపాలి.